పోలీసు జట్టు, కాందిశీకుల జట్టు

మా పేటకు సుబేదారి అన్న పేరు నిజాము కాలంలో వచ్చింది. అప్పట్లో వరంగల్లు ఒక సుబా. సుబాను ఏలే అధికారి సుబేదారు. ఆయన కొలువున్న చోటు సుబేదారి. సుబాలు పోయి దశాబ్దాలు దాటినా పేరు మాత్రం దుకాణాల బోర్డుల మీదా, పోలీసు స్టేషను గోడ మీదా పదిలంగా ఉంది. అదే రాజ్యంలో పుట్టిన పేరు మరొకటి ఉంది. ఒకప్పుడు బొంబాయిలోనూ ఢిల్లీలోనూ కలకత్తాలోనూ ఆ పేరు వింటే ఎదుటి జట్టువాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఇప్పుడు దానికి బోర్డు కూడా లేదు. ఆ పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. అది ఒక ఫుట్‌బాలు జట్టు.

ఆ జట్టుకూ కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకూ మధ్య దాదాపు పదిహేనేళ్ళు సాగిన స్పర్ధను గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. బెంగాలీలు తమ ఫుట్‌బాలును గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నారు. మనవాళ్ళు గెలిచిన కప్పుల జాబితా తెలుగులో ఒకచోట చూద్దామంటే నాకు దొరకడం గగనమైంది.

ముందుగా ఈస్ట్ బెంగాల్ సంగతి. 1920 జూలై చివరివారంలో జోరాబగాన్ అనే క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆడవలసి ఉంది. జట్టులోంచి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి తప్పించారు. అది అన్యాయమని సురేశ్ చంద్ర చౌధురి అనే పెద్దమనిషి క్లబ్బునుండి తప్పుకుని, మరికొందరితో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్బు పెట్టారు. వాళ్ళలో ప్రధానులు తూర్పు బెంగాలువాళ్ళు కనుక పేరు కూడా అదే అయింది. 1947లో దేశం చీలింది. తూర్పు బెంగాలు నుండి లక్షలాది మంది కట్టుబట్టలతో కలకత్తా చేరారు. ఇల్లు పోయింది, పొలం పోయింది, ఊరు పేరు చెప్పుకుందామంటే ఆ ఊరు పరదేశంలో పడింది. అటువంటివాళ్ళకు తమ నేల పేరును ధరించి మైదానంలోకి దిగే పదకొండు మంది ఏమై ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. ఆ క్లబ్బు వాళ్ళకు చిరునామా అయింది.

ఇక హైదరాబాదు. 1939లో సిటీ ఆఫ్ఘన్స్ అన్న పేరుతో మొదలైన జట్టు తరవాత సిటీ పోలీసు జట్టయింది. ఆటగాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగం. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగి, నిజాము పాలన ముగిసి, హైదరాబాదు భారతదేశంలో కలిసింది. పాతబస్తీ బడుగు ముస్లిం కుటుంబాలకు అది కొలువులు పోయిన కాలం, రేపెలా ఉంటుందో తెలియని కాలం. సరిగ్గా రెండేళ్ళ తరవాత, 1950లో, ఆ ఇళ్ళనుండి వచ్చిన కుర్రవాళ్ళు ఎక్కువగా ఉన్న జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలుచుకుని వచ్చింది.

ఇక్కడ మా ప్రాంతపు మాట ఒకటి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఓరుగల్లు పల్లెల్లో పోలీసు అన్న మాటకు అర్థం వేరు. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. మా పెద్దవాళ్ళకు పోలీసు అంటే రాత్రివేళ తలుపు తట్టేవాడు. అదే మాటను జట్టు పేరులో పెట్టుకున్నవాళ్ళను నగరంలో జనం భుజాల మీద మోశారు. రెండూ ఒకే రాజ్యంలో, ఒకే కాలంలో జరిగాయి. చరిత్ర రాసేటప్పుడు ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం తేలిక. కానీ రెండింటినీ కలిపి చూస్తేనే ఆ కాలం అర్థమవుతుంది.

ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు, వృత్తిరీత్యా బడిపంతులు. అందరికీ రహీం సాబ్. 1943 నుండి మరణించేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుండి ఒక చేత్తో సిటీ పోలీసు జట్టుకూ, ఇంకో చేత్తో భారత జట్టుకూ శిక్షకుడు. పంతులు గనుక ఆటను కూడా పాఠంలాగే చెప్పారు. కుర్రవాళ్ళకు ఎడమకాలు వాటం రావాలని బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారట. బంతిని ఎక్కువసేపు కాళ్ళ దగ్గరే ఉంచుకునే అలవాటు పోవాలని, బంతి అందగానే వెంటనే ఇంకొకరికి అందించాలన్న నియమంతో ఇంకో రకం పోటీలు. ఈ రెండు అలవాట్లనుండే హైదరాబాదు ఆట పుట్టింది: నేల మీద పొట్టి పొట్టి పాసులు, ఎవరి చోటు వాళ్ళకు తెలిసి ఉండడం, ఒక్కరి మీద ఆధారపడకపోవడం.

కలకత్తా ఆట పద్ధతి వేరు. అక్కడ జ్యోతిశ్చంద్ర గుహ ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి. ఎక్కడ మంచి ఆటగాడున్నా పసిగట్టి పట్టుకురావడంలో ఆయనకు సాటి లేదు. 1949 ప్రాంతాలకు ఆ జట్టు ముందువరస ఐదుగురికి జనం పంచపాండవులని పేరు పెట్టారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురిలో ఒక్కడు కూడా బెంగాలీ కాడు, అందరూ దక్షిణాదివారే. అప్పారావు మన కాకినాడవాడు. కలకత్తా లీగు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు, మూడింటినీ ఆ జట్టు 1949లో ఒకే ఏడాది గెలిచింది. అంటే హైదరాబాదు పోలీసులతో తలపడిన ఆ మహాజట్టులో ఒక తెలుగువాడు ఎదుటివైపు ఉన్నాడు. ఈ కథలో ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్నది మొదటినుండీ అంత సులువుగా తేలదు.

ఈస్ట్ బెంగాల్ 1949లో గెలిచిన రోవర్స్ కప్పును మరుసటి ఏడు సిటీ పోలీసు తీసుకుంది. తీసుకుని వదలలేదు. 1950, 51, 52, 53, 54. వరసగా ఐదుసార్లు. 1891లో మొదలైన ఆ పోటీలో అటువంటి వరస దానికి ముందు లేదు.

డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలై తరవాత ఢిల్లీకి మారింది. అక్కడ లెక్క చూడండి. 1950లో సిటీ పోలీసు మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు గెలిచింది. 1952 ఫైనలులో ఈస్ట్ బెంగాల్ సిటీ పోలీసును ఓడించింది. 1954లో సిటీ పోలీసు బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టుమీద గెలిచింది. 1956లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్, సిటీ పోలీసు. గెలుపు ఈస్ట్ బెంగాల్‌ది. 1957లో మళ్ళీ అవే రెండు జట్లు. ఈసారి కప్పు హైదరాబాదుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరవాత జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1960లో బొంబాయిలో రోవర్స్ ఫైనలులో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించారు. 1961లో డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1962 రోవర్స్ ఫైనలులో ఈస్ట్ బెంగాల్, ఆంధ్ర పోలీసు ఎవరూ తగ్గలేదు. ఇద్దరినీ ఉమ్మడి విజేతలని ప్రకటించి కప్పును పంచారు.

డ్యూరాండ్ జాబితా ఒక్కటే తీసుకుంటే 1950 నుండి 1963 దాకా మన పోలీసు జట్టు ఏడుసార్లు ఫైనలు చేరింది. అందులో ఆరుసార్లు ఎదుట నిలిచింది కలకత్తా రెండు పెద్ద క్లబ్బుల్లో ఏదో ఒకటి. మూడు గెలుపులు, మూడు ఓటములు. త్రాసు పెట్టి తూచినట్టు సమానం.

చిత్రమేమంటే, ఇంతగా కొట్టుకున్న ఈ రెండు జట్లూ దేశం కోసం ఒకే చొక్కా తొడుక్కునేవి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో ఈస్ట్ బెంగాల్ అహ్మద్ ఖాన్, వెంకటేశ్, సాలే ఉన్నారు. హైదరాబాదునుండి అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, మొయినుద్దీన్ ఉన్నారు. ఆ చలిలో మనవాళ్ళు కొందరు వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ ఒక్క గోలూ అహ్మద్ ఖాన్‌ది. శిక్షకుడు రహీం. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే రహీం మెల్‌బోర్న్‌లో భారతజట్టును ఒలింపిక్స్ సెమీఫైనలుకు చేర్చారు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచిన ఆ జట్టులో హైదరాబాదువాళ్ళు పలువురు ఉన్నారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. రహీం అప్పటికే క్యాన్సరుతో తీసుకుంటున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ 1963 సంవత్సరమే ఈ కథకు గట్టు. ఆ ఏడు కూడా రోవర్స్ కప్పు ఆంధ్ర పోలీసులదే. డ్యూరాండ్‌లో ఫైనలు దాకా వెళ్ళి మోహన్ బగాన్ చేతిలో ఓడారు. రహీం నడిపించిన వేగంతో బండి ఆ కాస్త దూరం వెళ్ళింది. ఆ తరవాత ఆ జట్టు ఆ రెండు కప్పుల్లో దేన్నీ మళ్ళీ గెలవలేదు.

ఎందుకిలా జరిగింది? రహీం పోయారు గనుక అన్న జవాబు సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే తులసీదాస్ బలరామ్ కథ చూడాలి. 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. రహీం కంటబడ్డాడు. శిక్షణకు రోజూ నగరం రావాలంటే సైకిలు అద్దెకు డబ్బు లేదు. ఆ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకున్నారు. అలా తయారైన కుర్రవాడు మెల్‌బోర్న్ వెళ్ళి వచ్చాక 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. వెళ్ళిన ఏడాదే ఆ కొత్త క్లబ్బు డ్యూరాండ్ ఫైనలులో పాత ఊరి చేతిలో ఓడింది. 1961లో బలరామ్ ఈస్ట్ బెంగాల్ నాయకుడు. తొమ్మిదేళ్ళ తరవాత ఆ క్లబ్బుకు కలకత్తా లీగు తెచ్చిపెట్టాడు. ఆ ఏడు లీగులో అందరికంటే ఎక్కువ గోలులు కూడా అతనివే. ఊపిరితిత్తుల జబ్బుతో ముప్ఫై ఏళ్ళైనా నిండకుండానే ఆట మానవలసి వచ్చింది. తిరిగి హైదరాబాదు రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఉండిపోయి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయారు.

తరవాతి తరంలో మొహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్. 1965-66 సంతోష్ ట్రోఫీలో కొల్లంలో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి కప్పు తెచ్చింది. హబీబ్ అప్పటికి పదహారేళ్ళవాడు. మరుసటి ఏడాది, 1966లో, హబీబ్ ఈస్ట్ బెంగాల్‌లో ఉన్నాడు. నయీముద్దీన్ కూడా అదే ఏడాది అదే క్లబ్బుకు. ఇంతకాలం పోరాడి గెలవలేకపోయినచోట ఆటగాళ్ళనే తీసుకువెళ్ళడం మేలని కలకత్తా గ్రహించింది. ఆ దారి వెంటనే తరవాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివాళ్ళు వెళ్ళారు. అక్కడి జనం హబీబ్‌ను బడే మియాఁ అని పిలుచుకున్నారు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే ఏడాది గెలిచినప్పుడు ఆ జట్టు శిక్షకుడు నయీముద్దీన్. అంటే రహీం పాఠం బతికే ఉంది, వేరే బడిలో.

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాలుకు వృత్తి అన్న హోదా కాగితం మీద లేదు. కానీ ఆటగాడు తినాలి గదా! దానికి రెండు ఏర్పాట్లుండేవి. ఒకటి హైదరాబాదు పద్ధతి: సర్కారు కొలువు, నెల జీతం, ఆట అయిపోయాక కూడా పింఛను. రెండవది కలకత్తా పద్ధతి: క్లబ్బు చాటుగా ఇచ్చే సొమ్ము, ఏదో కంపెనీలో పేరుకు ఒక ఉద్యోగం, ఏడాదికోసారి క్లబ్బు మారే అవకాశం. మొదటిది భద్రం, రెండోది లాభం. పాతికేళ్ళ లోపు పేద కుర్రవాడు ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఇంటి దగ్గర ఆరేడు కడుపులున్నవాడికి నగరాభిమానం గురించి పాఠం చెప్పడం, కడుపు నిండినవాళ్ళు చేసే పని.

అయితే ఆటగాళ్ళు పోవడం కూడా అసలు కారణం కాదని నా అభిప్రాయం. ఈస్ట్ బెంగాల్‌ను వదిలి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. పంచపాండవులు వెళ్ళారు, బలరామ్ వెళ్ళాడు, హబీబ్ మోహన్ బగాన్‌కూ వెళ్ళి వచ్చాడు. ఐనా ఆ క్లబ్బు నిలిచింది. ఎందుకంటే దానికి సభ్యులున్నారు. చందా కట్టి, వానలో వరసకట్టి, ఓడితే అన్నం మానేసేవాళ్ళున్నారు. క్లబ్బు వాళ్ళ సొత్తు. మన పోలీసు జట్టుకు అభిమానులున్నారు గానీ సొంతదారులు లేరు. అది శాఖ సొత్తు. శాఖలో ఆట మీద ప్రేమ గల అధికారి ఉన్నన్నాళ్ళు కొలువులిస్తారు. ఆయన బదిలీ అయితే ఇంకొకరి ఇష్టం. అడగడానికి జనానికి హక్కు లేదు, ఎందుకంటే జనం పేరున అక్కడ రశీదు లేదు. అభిమానం ఎంత ఉన్నా అది ఒక కార్యాలయం గుమ్మం బయటే నిలబడింది.

కెనడాలో ఉన్న మిత్రులు ఈ మాట నాకంటే బాగా చెప్పగలరు. అక్కడి మంచుహాకీలో మాంట్రియల్ కెనేడియన్స్, టొరొంటో మేపుల్ లీఫ్స్ జట్ల వైరం 1917 నుండి నడుస్తోంది. ఒకటి ఫ్రెంచివాళ్ళ గుండె, ఇంకొకటి ఇంగ్లీషువాళ్ళ గుండె. ఆ రెండు జట్లూ స్టాన్లీ కప్పు ఫైనలులో చివరిసారి కలిసింది 1967లో. ఐనా 2021లో తొలి దశలోనే ఎదురుపడితే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. యాభై ఏళ్ళు ఫైనలు లేకున్నా వైరం చావలేదంటే రెండు వైపులా ఇల్లు నిలిచి ఉంది గనుక. వైరం నిలవాలంటే ఇద్దరు కావాలి. మన కథలో ఒకడు ఇల్లు ఖాళీ చేశాడు.

ఆ మధ్య మళ్ళీ ఒక ఆశ కలిగింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అన్న క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2020లో అదే లీగులోకి వచ్చిన ఈస్ట్ బెంగాల్‌తో హైదరాబాదు మళ్ళీ తలపడడం చూసి పాతవాళ్ళు సంతోషించే ఉంటారు. ఆ తరవాత డబ్బుల చిక్కులు వచ్చాయి, జీతాలు ఆగాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2025లో యజమానులు క్లబ్బును మూటగట్టి ఢిల్లీకి తీసుకుపోయి పేరు మార్చారు. ఈసారి సొంతదారు సర్కారు కాదు, ఒక కంపెనీ. ఫలితం అదే. జనం గుమ్మం బయటే ఉన్నారు. ఈస్ట్ బెంగాల్‌కు కూడా ఈ కాలంలో పెట్టుబడిదారులు వచ్చారు, పోయారు, తగాదాలయ్యాయి. కానీ దాన్ని మూటగట్టి మరో ఊరికి తీసుకుపోదామన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. వస్తే కలకత్తా ఊరుకోదు.

2024లో రహీం జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ రహీం వేషం కట్టాడు. దానివల్ల మనవాళ్ళకు కొంతమందికైనా ఆ పేరు తెలిసింది. సంతోషమే. కానీ సినిమాకు దేశం కావాలి, జకార్తా కావాలి, జెండా కావాలి. రోవర్స్ కప్పు ఐదేళ్ళు వరసగా తెచ్చిన కానిస్టేబుళ్ళ కథ అందులో ఇమడదు. అది రాయవలసినవాళ్ళు ఈ ఊళ్ళవాళ్ళే.

ఆ రోవర్స్ పోటీ కూడా 2001 తరవాత ఆగిపోయింది. ఆ మైదానాల్లో ఆడినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. బలరామ్ పోయిన ఏడాదే, 2023 ఆగస్టు 15న, హబీబ్ కూడా హైదరాబాదులో కన్నుమూశారు. వాళ్ళ ఆట చూసినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై ఎనభై ఏళ్ళుంటాయి. మీ ఇంట్లో తాతగారో, మీ వీధిలో రిటైరైన పోలీసాయనో, రైల్వే ఉద్యోగో అటువంటివారుంటే దయచేసి కూర్చోబెట్టి అడగండి. ఏ మ్యాచి చూశారు, ఎవరితో వెళ్ళారు, టిక్కెట్టు ఎంత, ఎవరు గోలు కొట్టారు, ఇంటికి ఎలా వచ్చారు. జ్ఞాపకం తడబడినా ఫరవాలేదు, తేదీలు పత్రికల్లో సరిచూసుకోవచ్చు. చెప్పినది చెప్పినట్టు తెలుగులో రాసి పెట్టండి. కప్పులు కలకత్తా అద్దాల బీరువాల్లో ఉంటే ఉండనివ్వండి. కథ మాత్రం మన దగ్గర ఉండాలి.